గంటన్నర వెనకాల

నేను ఒక బల్ల గడియారాన్ని. ఆకుపచ్చ ప్లాస్టిక్కు ఒళ్లు, బెత్తెడు ఎత్తు. ఎక్కడ పుట్టానో తెలియదు. మస్కట్‌లో ఒక కొట్టు అద్దంలో కూర్చుని ఉంటే పల్లాలమ్మ కొన్నది. ఆమె అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. ఆ ఊరి టైము నాకు పెట్టి, సెలవు మీద వస్తున్న ఒకామె పెట్టెలో, కోనసీమలో ఉన్న మొగుడు మరిడియ్యకు పంపింది.

"దీని ముల్లు తిప్పకు మావా. ఇది నా టైము," అని ఫోనులో చెప్పింది.

మరిడియ్య కొబ్బరికాయలు ఒలిచే మనిషి. మాట తక్కువ. గోడ మీద ఆయన గడియారం, బల్ల మీద నేను, గంటన్నర వెనకాల. గోడ మీద ఏడైతే నన్ను చూసి, "ఐదున్నర. ఇప్పుడు లేత్తాది," అనుకునేవాడు. శుక్రవారం నాకు రెండు అయ్యేసరికి ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎవరితోనూ పది మాటలు ఆడనివాడు ఆ అరగంటా గలగలా మాట్లాడేవాడు. తొమ్మిదేళ్లు నాకు ఇదే కొలువు.

అప్పుడు ఆమె పని మానేసి వచ్చేస్తున్నానంది. "నేనెల్లినప్పుడు ఒలుపు పనుందని సాగనంపడానికి రాలేదు నువ్వు. ఈసారి గేటు దాటగానే నీ మొహమే కనపడాల మావా."

"కనపడతాది," అన్నాడు.

టికెట్టు ఫొటో వచ్చింది. ఎక్కేది తొమ్మిదిన్నర, దిగేది రెండున్నర. మరిడియ్య వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. ఐదు గంటలు. ఆమెను పంపిన ఏజెంటు ఏనాడో చెప్పింది ఆయనకు కంఠతా వచ్చు: రెండు వేల రెండొందల కిలోమీటర్లు, విమానంలో మూడున్నర గంటలు. కాసేపు ఆలోచించి, "సామాను బరువుంటాది కదా, నెమ్మదిగా వత్తాదిలే," అన్నాడు. ఎక్కే టైము అక్కడిది, దిగే టైము ఇక్కడిది అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నాకు ముళ్లున్నాయి గానీ నోరు లేదు.

శంషాబాదు ఎయిర్‌పోర్టుకు నన్ను సంచిలో తెచ్చాడు, కొబ్బరి లౌజు డబ్బా పక్కన. పొద్దున్నే చేరి, ఎదురుగా టీకొట్టు దగ్గర నన్ను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"ఏంది తాతా, గడియారం సంకన వెట్టుకొని తిరుగుతున్నవ్?" అని టీకొట్టతను నవ్వాడు.

"ఇది మా ఆవిడ టైమండి."

నాకు రెండున్నర అయ్యింది, ఇక్కడ నాలుగు. లేచి, చొక్కా దులుపుకుని, గేటు దగ్గరకు వెళ్లాడు. తాడు కట్టిన అట్టపెట్టె మీద పల్లాలమ్మ కూర్చుని ఉంది. వచ్చి గంటయింది; మస్కట్ సిమ్ము ఇక్కడ పనిచేయలేదు. వచ్చేపోయే ప్రతి మగవాడి మొహమూ చూసి చూసి అలిసిన కళ్లు.

"వచ్చావా," అంది. అంతే. ఆయన అట్టపెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

ఒక ఇంట్లో రెండు టైములెందుకని నన్ను అటక ఎక్కించారు. "అన్నం పెట్టనా?" "పెట్టు." నెల రోజులు విన్నాను. అంతకంటే పొడుగు మాట అటక దాకా రాలేదు. దుమ్ములో కూర్చుని, ఎవరికీ అక్కర్లేని మస్కట్ టైము నేనొక్కదాన్నే మోశాను.

ఒక శుక్రవారం మరిడియ్య నిచ్చెన వేసుకుని నన్ను దించాడు. తువ్వాలుతో తుడిచి, అరుగు మీద పక్కన పెట్టుకున్నాడు. నాకు రెండు అయ్యింది. ఫోను తీసి నొక్కాడు. వంటింట్లో మోగింది.

"అలో," అంది పల్లాలమ్మ.

"నేనే."

స్టవ్వు కట్టేసిన చప్పుడు. తరవాత, "చెప్పు మావా," అంది.

"ఆ రోజు పొద్దున్నించీ ఎదురుగా టీకొట్టు కాడే ఉన్నానే. ఈ గడియారంలో రెండున్నర ఎప్పుడవుద్దా అని చూత్తా కూకున్నాను."

వంటింట్లో గరిటె కింద పడింది.

"ఓరి నా పిచ్చి మావా," అంది. "ఇంకా చెప్పు."

ఆయన లోపలికి వెళ్లలేదు. ఆమె బయటికి రాలేదు. నా ముల్లు రెండున్నర దాటేదాకా ఇద్దరూ ఫోను పెట్టలేదు.