మౌలానా సాబ్ తెలుగు

"హౌస్లా అనే మాటకు తెలుగులో ఏమంటారు?" అని స్నానాల గదిలోంచి మా ఆయన అడిగారు.

నేను చపాతీల పిండి కలుపుతున్నాను. ఆదివారం. మధ్యాహ్నం పీణ్య మసీదులో ఆయన ప్రసంగం ఉంది, మేం బయాన్ అంటాం. "ధైర్యం" అన్నాను. "అది అందరూ అనేదే. ఇంకొంచెం గట్టి మాట లేదా?" అన్నారు. "తెగువ" అన్నాను. ఆయన నీళ్లు పోసుకోవడం ఆపి తెగువ, తెగువ అని రెండుసార్లు అనుకున్నారు. మాట నచ్చింది. మధ్యాహ్నానికల్లా అది ఆయన మాట అయిపోతుంది.

మా ఆయన మౌలానా అబ్దుల్ ఖదీర్. పీణ్య ఫ్యాక్టరీల్లో, గార్మెంట్స్‌లో పనిచేసే తెలుగు ముసల్మానులకు ఆయన మాటంటే గురి. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బతకడానికి వచ్చిన వాళ్లకు ఉర్దూ బయాన్ సగమే అర్థమయ్యేది. పదకొండేళ్ల కిందట ఆయన తెలుగులో మొదలుపెట్టాక మసీదు బయట రోడ్డు మీద కూడా చాపలు పరవాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చిన్న గొడవైనా ఇన్‌స్పెక్టరు ముందు ఆయనకే ఫోన్ చేస్తాడు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల వాళ్లూ మా హాల్లో కూర్చుని నేను పెట్టిన టీ తాగి పోతారు. ఆయన ఒక్క మాట చెబితే రాళ్లు పట్టుకున్న వీధి సద్దుమణగడం నేను కళ్లారా చూశాను. ఆ తెలుగు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మా అత్త చెబుతుంది, అది అల్లా ఇచ్చిన జబాన్, ఆయనిచ్చిన నాలుక అని.

నిజమే, అల్లాయే ఇచ్చాడు. కాకపోతే నా నోటి గుండా ఇచ్చాడు. ప్రతి శనివారం ఆయన ఉర్దూలో చెబుతారు. నేను అంట్లు తోముతూ దాన్ని తెలుగు చేస్తాను. ఆయన ఫోన్లో రికార్డు చేసుకుని, ఉర్దూ లిపిలో రాసుకుని, స్కూటరు మీద పోతూ వింటారు. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేర్పిస్తాను రండి అని ఒకసారి అన్నాను. "నువ్వున్నావు కదా" అన్నారు. అప్పుడు అది ప్రేమ అనుకుని మురిసిపోయాను.

నేను దూదేకుల పిల్లను. మా నాన్న మదనపల్లెలో పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట లేదు. నా పేరు దస్తగిరమ్మ. నిఖా రోజున ఆ పేరు చదివితే నలుగురూ నవ్వుతారని మా అత్త నస్రీన్ అని రాయించింది. కొత్తలో ఒకరోజు పెనం అంటుకుని "అబ్బా, కాలింది" అన్నాను. "మన ఇంట్లో తెలుగు మాట్లాడేది పనిమనిషి ఒక్కతే అనుకున్నానే" అంది అత్త. ఈ ఇంట్లో చెయ్యి కాలినా ఉర్దూలోనే కాలాలని ఆరోజు తెలిసింది. ఇప్పుడు ఆవిడే కొడుకు తెలుగు బయాన్ ఫోన్లో పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కన్నీళ్లు పెట్టుకుంటుంది.

మా అమ్మాయి సఫూరాకు పదో తరగతిలో తొంభై ఆరు శాతం వచ్చింది. డాక్టరు కావాలని దాని కోరిక. ఆడపిల్లల కాలేజీలో సైన్సు సీట్లు అయిపోయాయి. జాలహళ్లి దగ్గర అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే కాలేజీలో సీటు దొరికింది. చేరడానికి ఈ సోమవారం ఆఖరి రోజు.

ఆయన చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. వద్దన్నారు గానీ అరవలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పారు. "నా మాట విని అరవై ఇళ్లవాళ్లు ఆడపిల్లల్ని గార్మెంట్స్ మాన్పించి మళ్లీ బడికి పంపారు. మసీదు కమిటీలో సగం మందికి అది గిట్టదు. నా కూతురే మగపిల్లల పక్కన కూర్చుందంటే, ఇందుకేనా ఈయన చదువు చదువు అన్నది అంటారు. ఆ అరవై మందినీ మాన్పిస్తారు. మన ఒక్క పిల్ల కోసం అంతమంది దారి మూసేయమంటావా?"

అందరి పిల్లల గురించీ ఆలోచించే మనిషి ముందు నా పిల్ల అనడానికి సిగ్గేసింది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆ మాటలో ఎక్కడో తప్పుందని తెలుసు. ఎక్కడో తెలియక, సింకు దగ్గర నిలబడి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

నిన్న శనివారం. ఈ వారం బయాన్ ఆడపిల్లల చదువు మీదే. "నీ కూతురి చదువు ఆపితే రేపు అల్లా ముందు జవాబు చెప్పాల్సింది నువ్వే" అని ఆయన ఉర్దూలో అన్నారు. చేతిలో మసిగిన్నె పెట్టుకుని నేను దాన్ని తెలుగు చేశాను. ఆయన సరిగ్గా రికార్డు అయిందో లేదో చూసుకుని హాల్లోకి వెళ్లిపోయారు. గుమ్మంలో సఫూరా నిలబడి ఉంది. మేమిద్దరం వంటింట్లో మాత్రం, గొంతు తగ్గించి, తెలుగు మాట్లాడుకుంటాం.

"అమ్మా, అందరి కూతుర్ల గురించి అబ్బాకు నువ్వే మాటలిస్తాండావు కదా. నా గురించి ఆయనకు ఎవురు చెప్తారు?"

ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననిపించింది. అరవై మంది పిల్లలు బడికి పోయింది నా మాటలతో. నా కడుపున పుట్టినదానికి మాత్రం నా దగ్గర ఒక్క మాట లేకపోయింది.

ఈ ఉదయం చపాతీలు కాల్చాక కాలేజీ దరఖాస్తు తీశాను. తండ్రి లేదా తల్లి సంతకం అని ఉన్నచోట దస్తగిరమ్మ అని తెలుగులో రాశాను. కానీ అది చాలదు. ఆయనకు చెప్పకుండా చేరిస్తే రెండో రోజే మాన్పిస్తారు. మా ఆవిడ తెలియక పంపింది అని కమిటీకి సర్దిచెబుతారు. దొంగచాటుగా పెట్టిన సంతకం ఈ ఇంట్లో వారం కూడా నిలవదు.

పీణ్య మసీదులో ఆడవాళ్లం పై అంతస్తులో, పరదా వెనక కూర్చుంటాం. బయాన్ అయ్యాక మా ప్రశ్నలు చీటీల మీద రాసి, బుట్టలో వేసి, తాడుతో కిందికి దించుతాం. చీటీలు తెలుగులో ఉంటాయి కాబట్టి సెక్రటరీ పీరాన్ సాబ్ మైకులో చదువుతాడు. మా ఆయన జవాబు చెబుతారు. ఏ వారమైనా ఇంచుమించు అవే ప్రశ్నలు గనుక ఆ జవాబులు కూడా నేను ముందే నేర్పి పంపుతాను.

బయాన్ చాలా బాగా సాగింది. తెగువ అన్న మాటను ఎక్కడ వాడాలో అక్కడే వాడారు. నా పక్కన లాల్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది, దాని కూతురు ఆ అరవై మందిలో ఒకతె. "ఎంత బాగా చెప్పినాడక్కా. నువ్వు పెట్టి పుట్టినావు" అంది.

చీటీ రాయడం మొదలుపెట్టాను. మేముండే ఇల్లు మసీదుది. కమిటీకి కోపమొస్తే నెత్తిమీది ఆ కప్పు పోతుంది. ఆయన నన్ను వదిలేస్తే మదనపల్లెలో నాన్న లేడు, రెండు గదుల్లో అన్న సంసారం. లాల్‌బీ కూతురు రేపటినుంచి మళ్లీ మిషను ముందు కూర్చుంటే ఆ పాపం నాదే. అయినా మడిచి బుట్టలో వేసి, తాడు నేనే వదిలాను.

పీరాన్ సాబ్ లేత్ మిషను మీద పనిచేసే మనిషి, గొంతు పెద్దది. మొదటి చీటీ రంజాన్‌లో విడిచిపెట్టిన రోజాల, అంటే ఉపవాసాల గురించి. రెండోది నమాజు చదవని కోడలి గురించి. రెంటికీ ఆయన నేను నేర్పినట్టే, తడబడకుండా జవాబు చెప్పారు. మూడోది పీరాన్ సాబ్ అదే ఊపులో చదివేశాడు.

"మౌలానా సాబ్, రేపు సోమవారం మీ కూతురు సఫూరాను జాలహళ్లి కాలేజీలో చేర్చడానికి పోతాండాను. దరఖాస్తులో సంతకం పెట్టేసినాను. నాతోపాటు మీరొస్తారా, నేనొక్కదాన్నే పోవాలా? ఇట్లు, మీ భార్య."

ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి పీరాన్ సాబ్ గొంతు సగానికి సగం పడిపోయింది. కింద ఎవరో దగ్గారు. మైకులో మా ఆయన ఊపిరి వినబడింది. ఆయన నోరు తెరవడం, ఏదో అనబోయి మానుకోవడం కూడా తెలిసింది. పైనున్న ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. లాల్‌బీ నా మోకాలి మీద చెయ్యి వేసింది, తీయలేదు.

గోడవార కూర్చున్న చెవులు సరిగా వినబడని ముసలావిడ పక్కవాళ్లను అడుగుతోంది. "ఏందే, మౌలానా సాబ్ మాట్లాడేది ఆపేసినాడు? మైకు చెడిపోయిండాదా?"

"మైకు బాగానే ఉండాదవ్వా" అన్నాను, పదకొండేళ్లలో మొదటిసారి ఆ మసీదులో గొంతెత్తి. "దీనికి జవాబు ఆయనకు నేను నేర్పలేదు."