అక్క బావి నీళ్లు

మూడోసారి కూడా సీసా కడిగి పారబోశాడు. ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే ముందు సీసా కడగాలి, అది పద్ధతి. తర్వాత గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, చీటీ అంటించి మంచు పెట్టెలో పెట్టాలి. ముదురు గోధుమరంగు గాజు సీసా. వెలుతురు తగిలితే నీళ్లలో ఉన్నవి చెడిపోతాయట. ఇంత భద్రంగా పట్టిన నీళ్లలో అసలేముందో తెలుసుకోవాలని మాత్రం అతను పనిచేసే కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఎవరికీ ఉండదు.

ఎదురుగా మందుల ఫ్యాక్టరీ. దాని వెనక గొట్టంలోంచి కాలవలోకి నీళ్లు ఈ పూట తేటగా, బుద్ధిగా పడుతున్నాయి. పడవూ మరి? ఫలానా రోజు వస్తున్నామని ఆఫీసు వాళ్లే ముందుగా కబురు పంపుతారు. దొంగను పట్టడానికి డప్పు కొట్టుకుంటూ వెళ్లడమంటే ఇదే. నిన్న ఇక్కడ నురగ మోకాళ్లెత్తు లేచిందని గట్టుమీద మేకలు కాసే మనిషి చెప్పాడు. ఆ నురగ ఏ సీసాలోకీ రాదు.

మీసం మొలిచిన కొత్తలో చేరిన ఉద్యోగం. మీసం నెరిసినా పని అదే. ఆఫీసులో అందరికీ అతను సీసాలాయన. జీపులో వెనక సీటు, మోకాళ్ల మధ్య మంచు పెట్టె, చలికి మొద్దుబారిన వేళ్లు, ఎప్పుడూ పైకి మడిచి ఉండే ప్యాంటు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకురా అని అక్క నిలదీస్తే, సీసాలు కడిగీ కడిగీ చేతులు పోయాయి, ఇంకా గిన్నెలు కూడానా అని నవ్వేసేవాడు.

ఆ అక్క ఈ కాలవకు దిగువనే ఆకుకూరలు పండిస్తుంది. అమ్మ పోయాక అతనికి తల దువ్వి బడికి పంపింది ఆమే. కొన్నేళ్ల కిందట బావి నీళ్లు వాసనొస్తున్నాయంటే తనే పట్టుకెళ్లి పరీక్ష చేయించాడు. ఉప్పు, రంగు, పులుపు అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసిచ్చారు. భయం లేదు, తాగమన్నాడు. తమ్ముడి మాట ఆమెకు రాతిమీద గీత. ఆనాటి నుంచి దూరం పోయి కుళాయి నీళ్లు మోసుకురావడం మానేసింది.

మొన్నామధ్య కొడవలి జారి పాదానికి గాటు పడింది. చిన్నదే. బావి నీళ్లతో కడిగి గుడ్డ కట్టుకుంది. ఇప్పుడు కాలంతా వాచి, ఒళ్లంతా విషమెక్కి ఆస్పత్రిలో ఉంది. ఒక మందు పనిచేయలేదు. ఇంకోటీ పనిచేయలేదు. మందులు కలిసిన నీళ్లలో, మట్టిలో పెరిగిన క్రిములు ఆ మందులకే అలవాటుపడి మొండికేస్తాయని, మీ నీళ్లు ఎక్కడివని డాక్టరమ్మ నిన్న అడిగింది. వింటుంటే అతనికి ఒళ్లు మండిపోయింది. అక్కను బతికించలేని మందు కాలవలో ఊరికే పారుతోంది! అక్క కూతురు ఇంకా ఆ బావి నీళ్లే తాగుతోంది.

అందుకే ఇవాళ తిరుగుదారిలో జీపు ఆపించి ఆ బావి నీళ్లు కూడా పట్టాడు. మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపాడు. నేరుగా తెచ్చి ఆఫీసరు బల్లమీద పెట్టాడు.

"సార్, ఇందులో మందులున్నాయేమో చూడాలి."

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. టీ గ్లాసు పక్కన పెట్టి మరీ చెప్పాడు. "చూసి ఏం రాయమంటావయ్యా? ఉప్పుకి హద్దుంది, రంగుకి హద్దుంది. మందులు ఎంతవరకు ఉండొచ్చో ఎవరూ హద్దు పెట్టలేదు. లేని హద్దు దాటిందని ఎలా రాస్తాం?"

"మా అక్క ఆస్పత్రిలో ఉంది సార్."

"అయ్యో. సెలవు కావాలంటే తీసుకో."

ఎంత దయ! గీత గీయాల్సినవాళ్లు గీయరు. గీయలేదు కాబట్టి ఎవరూ దాటలేదు. ఎవరూ దాటలేదు కాబట్టి నీళ్లు బంగారం. పోయేవాళ్లు వాళ్ల ఖర్మకు పోతారు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచకుండానే అడిగాడు.

"చూడనిదాన్ని బాగుందని ఎట్లా రాశారు సార్?"

ఆఫీసరు టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. లెక్కలో లేని సీసా ఇక్కడ ఉంచకూడదని, పారబోసెయ్యమని అన్నాడు.

సీసా పట్టుకుని సింకు దగ్గరికి వెళ్లాడు. మూత తిప్పబోయి ఆగాడు. ఈ సింకు నీళ్లు పోయేదీ ఆ కాలవలోకే. అలా నిలబడి ఉండగానే జేబులో ఫోన్ మోగింది. మేనకోడలు.

"మామయ్యా, అమ్మ పోయింది."

సీసా పక్కన పెట్టి తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. వస్తున్నానమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేయబోయి ఆగి, ఇంటి నీళ్లు ముట్టుకోకు, బయట కొనుక్కుని తాగు అన్నాడు. ఎవరికీ చెప్పకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సింకు గట్టుమీద గోధుమరంగు సీసా ఉండిపోయింది. మంచులోంచి వచ్చిన చలికి ఒళ్లంతా చెమర్చి, చీటీ మీద 'అక్క బావి' అని అతను రాసిన అక్షరాలు మెల్లగా తడుస్తున్నాయి.