సాంచెలకు పోని కాళ్లు

సోమలింగం బావ బరువు నూట ముప్పై కిలోల నుంచి తొంభై ఆరుకు దిగింది. నాలుగు నెలల కింద, కడుపు చిన్నగా చేసే ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి మా మగ్గాల పేట లింబాయత్‌లోని తన మేడమీది గది దాటి పెద్దగా బయటికి రాలేదు. సోమవారం పనిలో చేరతానని సేటుకు కబురు పంపాడని తెలిసి, ఆదివారం పొద్దున చూడడానికి వెళ్లాను.

ముందురోజు ల్యాబువాళ్లిచ్చిన రిపోర్టు చూపించాడు. డాక్టరమ్మకు ఇంకా చూపలేదు. గుండె మీద భారం పడితే అది రక్తంలోకి వదిలే ఒక హార్మోను లెక్క అందులో ఉంది. ఒళ్లు లావుగా ఉన్నవాళ్లకు అది తక్కువగా కనిపిస్తుందట. కొవ్వు కరిగినకొద్దీ కొంత పెరుగుతుందట. పెరిగితే బెదరవద్దని డాక్టరమ్మ ముందే చెప్పిందట. ఆపరేషన్‌కు ముందు నలభై. రెండో నెలలో తొంభై. ఇప్పుడు పదకొండు వందలు.

“ఫస్టుక్లాసుల పాసైన బామ్మర్దీ,” అన్నాడు.

మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. వీపు వెనక మూడు దిండ్లున్నాయి. వారం నుంచి కూర్చునే నిద్రపోతున్నాడని, పడుకుంటే ఊపిరాడడం లేదంటున్నాడని అతని భార్య ఎల్లవ్వ చెప్పింది. కుట్లు లాగుతున్నాయేమో అనుకుంటోంది. నాకు చాయ్ ఇచ్చింది.

నేను అతని కాళ్లు చూశాను. చీలమండలు కనిపించడం లేదు. చర్మం మెరుస్తోంది. వాచాయి కదా అన్నాను.

“సాంచెల కాళ్లు గిట్లనే ఉంటయి. నీయి జూస్కో జర.”

నిజమే. సాంచెలంటే మరమగ్గాలు. వాటి నడుమ పన్నెండు గంటలు నిలబడే మాకు సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. ఎవరం పట్టించుకోం. తెల్లారేసరికి తగ్గుతాయి.

ఇప్పుడు టైము పొద్దున ఎనిమిది. అతను సాంచె ముందు నిలబడి నాలుగు నెలలు.

బొటనవేలితో అతని కాలు నొక్కాను. గుంట పడింది. వేలు తీసి చాయ్ తాగాను. గుంట అట్లాగే ఉంది.

డాక్టరమ్మ ఇంకేం చెప్పిందని అడిగాను. అతను గోడవైపు చూశాడు. ఎల్లవ్వ గుంటనే చూస్తోంది.

“కాళ్లు వాస్తే, దమ్మొస్తే గా దినమే రమ్మన్నది తమ్మీ,” అంది.

“రేపు రాకుంటే నా సాంచెలు ఇంకొకనికిస్తడు సేటు,” అన్నాడు సోమలింగం.

“ఇయ్యనీ. లే బావా.”

ఆటో పిలిపించాను. ఇనుప మెట్లు పద్దెనిమిది. నాలుగో మెట్టు మీదనే కూర్చుండిపోయాడు. ఎల్లవ్వ రిపోర్టులు చంకలో పెట్టుకుని వెనక నిలబడింది. కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. సోమలింగం చెయ్యెత్తి ఆగమన్నాడు. నోటితో చెప్పడానికి ఊపిరి చాలలేదు.