వెలిగిందా బావా?

వారంలో రెండోసారి ఇంజను మరిగిపోయిందని బావ తన పాత లారీని మెకానిక్కైన బావమరిది షెడ్డుకి తెచ్చాడు. నీళ్లు తగ్గితే వెలగాల్సిన ఎర్రలైటు రెండుసార్లూ వెలగలేదట.

"మీ అక్క నోట్లో సగం దీనికున్నా నా ఇంజను బతికేదిరా" అన్నాడు.

మెకానిక్కు నవ్వాడు. ఇరవై ఏళ్లుగా బావ బండికి ఏ రోగమొచ్చినా అతనే వైద్యుడు. నీళ్ల డబ్బాకున్న సెన్సరు ఊడదీసి, దాని రెండు వైర్లనూ రాగితీగతో కలిపాడు. అలా కలిపితే నీళ్లున్నా లేకున్నా లైటు వెలిగి తీరాలి.

"వెలిగిందా బావా?"

"లేదు."

ఫ్యూజు చూశాడు, బాగుంది. వైరును క్యాబిన్ దాకా తడుముకుంటూ వెళ్లాడు, ఎక్కడా తెగలేదు. బల్బు కొత్తది వేసి కిందికి దిగి మళ్లీ కలిపాడు.

"ఇప్పుడు?"

"లేదంటున్నాగా! ఈ బల్బు కూడా మీ వంశందే, చెప్పిన మాట వినదు."

మధ్యాహ్నం దాటింది. విసుగెత్తి, తీగను అలాగే వదిలేసి తనే క్యాబిన్ ఎక్కాడు. స్టీరింగు వెనక లైటు ఎర్రగా వెలుగుతోంది. బావ రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తున్నాడు.

"వేళాకోళమా బావా?" అనబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయాడు. జేబులోంచి ఎర్రపిడి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఇదేం రంగు?"

బావ చాలాసేపు చూశాడు. "నలుపు... కాదా?"

మెకానిక్కు స్క్రూడ్రైవరు దించాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదు నెలలు. రంగులన్నీ ఉతికి ఉతికి వెలిసిపోయినట్టున్నాయిరా. వయసనుకున్నా."

"మరి సిగ్నళ్ల దగ్గర?"

"పక్క బండ్లు ఆగితే ఆగుతున్నా." బావ గొంతు తగ్గించాడు. "అక్కకి చెప్పకు. లైటు తీసేసి బజరు పెట్టు. చెవులు బాగానే ఉన్నాయిగా."

మెకానిక్కు దిగి, అలమరలోంచి బజరు తీశాడు. పది నిమిషాల పని. తండ్రి చనిపోయిన ఏడాది తనను ఈ పనిలో పెట్టిందీ, మొదటి రెంచీలు కొనిచ్చిందీ ఈ బావే. వైరు కొస ఒలిచాడు. ఆపైన చెయ్యి ఆడలేదు.

"ముందు బండివాడు బ్రేకు వేస్తే ఏ బజరు మోగుతుంది బావా?"

బావ స్టీరింగును ఒకసారి చేత్తో నిమిరాడు. తర్వాత తాళంచెవి సీటు మీద వదిలేసి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

కళ్లు చూపిస్తే, కంటి వెనక నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగిలిందట. లారీని కొనుక్కున్న పరాయివాడొచ్చి తోలుకుపోయిన రోజు బావ గదిలోంచి బయటికే రాలేదు.

అప్పట్నుంచీ బావమరిదితో మాట మానేశాడు. ప్రతి ఆదివారం మెకానిక్కు వెళ్తాడు. అతని గొంతు వినగానే బావ లేచి లోపలి గదిలోకి పోతాడు.

"నీ మీద కోపం కాదురా. ఎవరి మీద పడాలో తెలీక" అంటుంది అక్క, కళ్లొత్తుకుంటూ.

మొన్న ఆదివారం అతను ఆ గది గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. ఆ వారం షెడ్డుకొచ్చిన బండ్ల సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. ఎవరి గేరుబాక్సు అరుస్తోందో, ఎవరి క్లచ్చు జారుతోందో. లోపల మంచం ఒకసారి కిర్రుమంది. అంతే. అక్క కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.