అడుగు లేని గుంత

షౌకత్ మేస్త్రీ బతికినన్నాళ్లూ ఊళ్లో అందరి ఇళ్లకూ సెప్టిక్ ట్యాంకులు కట్టాడు గానీ, తన పెరట్లో మాత్రం ఒట్టి గుంత తవ్వి, సిమెంటు రింగులు దించి, అడుగు వేయకుండా వదిలేశాడు. జహీరాబాద్ మొరం నేల ఎంత పోసినా తాగేస్తుందని, జన్మలో మురుగు లాగే ట్యాంకర్ బండి పిలిచే పని పడదని ఆయన ధీమా. నిజంగానే ఇరవై రెండేళ్లు పడలేదు. ఆయన పోయాక కూడా భార్య అజీజున్నీసా ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. మొగుడి గొప్ప చెప్పుకోవడానికి పాయిఖానా గుంతే దొరికిందా అని గల్లీలో ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవారు.

ఈ వానలకు ఆ గుంత పొంగింది. మురుగు వెనక్కి తన్ని వంటింటి గడప దాకా వచ్చింది. ఇక చేసేది లేక ఆవిడ ట్యాంకర్ నడిపే సాల్మన్‌ను పిలిపించింది.

సాల్మన్ మూత తీసి, పైపు దించి, మురుగంతా లాగించాడు. తర్వాత పొడవాటి వెదురు కర్రతో అడుగు పొడిచి చూశాడు. కర్ర మెత్తగా దిగిపోయింది.

"అమ్మా, దీనికి కింద సిమెంటు బెడ్డే లేదు. ఇన్నేండ్లు ఇదంతా ఏడికి పోయిందనుకున్నరు?"

"భూమిలనే ఇంకిపాయె. మా ఆయన గట్లనే కట్టిండు," అంది ఆవిడ, కాస్త గర్వంగానే.

"మరి బోరు యాడున్నది?"

బోరు గోడవారనే ఉంది. నీళ్లిచ్చిన పుణ్యం పోయినవాళ్లకు చేరుతుందని, భర్త పోయిన ఏడాదే ఆయన పేరు మీద వేయించింది. బోరు బండి నిలబడేందుకు పెరట్లో ఆ ఒక్క చోటే ఉంది. గోడ బయటికి నల్లా పెట్టించి, పైన ఆయన పేరు రాయించింది. గల్లీ అంతా అక్కడే బిందెలు నింపుకుంటుంది.

సాల్మన్ గుంత దగ్గర్నుంచి బోరు దాకా అడుగులు వేశాడు. ఎనిమిది.

"ఈ నీళ్లు ఎవరన్న తాగుతున్నరా అమ్మా?"

ఆవిడ గోడ వైపు చూసింది. ఎదురింటి మనోరమ కూతురు పూజిత, పదకొండేళ్ల పిల్ల, పచ్చకామెర్లతో తొమ్మిది రోజులుగా దవాఖానలో ఉంది. రోజూ ఆ నల్లా నీళ్లే సీసాకు పట్టి, ఖురాన్ ఆయత్‌లు చదివి, మూడుసార్లు ఊది దమ్ చేసి పంపింది తనే. కాచిన నీళ్లే తాగించమని డాక్టర్ అన్నాడని మనోరమ తటపటాయిస్తే, "దమ్ చేసిన నీళ్లు పొయ్యి మీద పెట్టొద్దు బిడ్డా, దువా పోతది" అన్నదీ తనే. ఇక ఏ ముఖం పెట్టుకుని అల్లాను అడగాలి?

అంతలోనే మనోరమ పరుగున వచ్చింది. చేతిలో ఖాళీ సీసా.

"చాచీ, పిల్లకు సోయి తప్పుతున్నది. హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. బండి బయటనే ఉన్నది. జర జల్ది దమ్ చేసియ్యి."

అజీజున్నీసా సీసా అందుకోలేదు. మోటరు చెడిపోయిందని చెబితే ఈ పూటకు గడిచిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"వద్దు బిడ్డా. ఈ నీళ్లల్ల మా గుంత కలుస్తున్నట్టున్నది. నాకు ఇప్పుడే ఎరుకైంది. పిల్లకు ఇన్ని దినాలు నేను అవే ఇచ్చిన."

మనోరమ తెరిచి ఉన్న గుంత వైపు చూసింది. బోరు వైపు చూసింది. తిడుతుందని, కొడుతుందని అజీజున్నీసా నిలబడే ఉంది. కొడితే బాగుండుననుకుంది.

"'నీళ్లు ఒకతీరుగున్నయ్ అమ్మా, వద్దు' అన్నది పిల్ల, చాచీ," అంది మనోరమ మెల్లగా. "దువా చేసిన నీళ్లను గట్ల అనొద్దని, ముక్కు మూసి నేనే తాగిపిచ్చిన."

బయట హారన్ మోగింది. మనోరమ సీసా అక్కడే పడేసి పరుగెత్తింది. బండి కదిలిన చప్పుడు వినబడింది.

అజీజున్నీసా కొంగు అంచు చింపి, గోడ బయటికి వెళ్లి, భర్త పేరు కింద ఉన్న నల్లా మూతికి బిగించి కట్టింది. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో వస్తున్నారు. ముందు నడుస్తున్నామె చంకలో ఏడాది పిల్ల ఉంది.