శాంతవ్వ చావుకు సవరణ

అరబ్బు దేశంలో, బర్కాలోని ఓ కంపెనీ క్యాంపుకు వకీలూ, పత్రికాధిపతీ ఒక్కడే. స్టోర్ కీపర్ నిసార్ అహ్మద్! కడప కోర్టులో ఓ ప్లీడరు దగ్గర పన్నెండేళ్లు గుమాస్తాగా చేశాడు, ఆ మాత్రం చాలదూ? వారమంతా అందరికీ అర్జీలు రాసేవాడు. శుక్రవారం తెల్లకాగితం మీద 'బర్కా సమాచారం' చేత్తో రాసి మెస్ తలుపుకు మైదాతో అంటించేవాడు. ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలే వార్తలు. ఎవరి బర్రె ఈనిందో, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయో అన్నీ ఉండేవి.

అర్జీల సంగతి వేరు. రెండేళ్లు నిండకుండా సెలవు కావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు చావాలి, కంపెనీ రూలు అది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటూ నిసార్ అందరి ఇంటివాళ్లనూ అర్జీల్లో వరసపెట్టి చంపేవాడు. పత్రికలో మాత్రం, అల్లా మీద ఒట్టు, ఒక్క అబద్ధం రాసి ఎరగడు.

1991లో మేస్త్రీ భీమన్న, భార్య తొలికాన్పుకు పోవాలని కాళ్లావేళ్లా పడ్డాడు. కాన్పుకు సెలవు లేదు. అతని తల్లీదండ్రీ ఎప్పుడో నిజంగానే పోయారు. చంపడానికి మిగిలింది భార్య శాంతవ్వే. నిసార్ ఆమెను కామెర్లతో చంపి సెలవు ఇప్పించాడు.

ఏడాదిన్నర తిరక్కముందే టెలిగ్రాం వచ్చింది. శాంతవ్వకు కడుపులో గడ్డ, పెద్దాపరేషన్. మేనేజర్ రషీద్ ఫైలు తిరగేసి, "నీ భార్య చచ్చిపోయిందిగా?" అన్నాడట. భీమన్న స్టోర్‌కు పరుగెత్తుకొచ్చాడు.

"ఓస్, ఇంతేగదప్పా! రెండో పెండ్లి చేసుకున్నావని, ఆమె కూడా పోయిందని రాస్తాలే," అంటూ నిసార్ పెన్ను తీశాడు.

"వద్దు వకీల్ సాబ్! ఒక్కపారి సంపినం, గదే శాన. ఆపరేషన్ ముంగట మల్ల సంపుతమా? అది పోతె నేనే సంపినట్టు గాదా?" భీమన్న చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నిసార్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఛీ, ఏం బతుకు! ట్రంకుపెట్టెలోంచి పాత పత్రిక ఒకటి తీసుకుని ఆఫీసుకు నడిచాడు. వీసా క్యాన్సిల్ చేసి పంపేసినా పంపేస్తారని తెలుసు.

"ఈ చావు అర్జీ ఎవరు రాశారు?" అన్నాడు రషీద్ హిందీలో.

"నేనే సార్."

"ఈ పేపరు?"

"అదీ నేనే. అదే నెల." నిసార్ చదివి అర్థం చెప్పాడు: "భీమన్న భార్య శాంతవ్వకు ఆడపిల్ల పుట్టింది. పేరు సింధూజ. తల్లీబిడ్డ క్షేమం."

"రెంటిలో ఏది నిజం?"

"పేపరు సార్. పేపర్లో నేను అబద్ధం రాయను."

రషీద్‌కు కోపమూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. భీమన్నకు సెలవు రాసిచ్చాడు. నిసార్‌కు ఆ ఏడు రావలసిన సెలవు కొట్టేశాడు. ఇక మీదట ఏ అర్జీ అయినా ముందు పేపర్లో పడాలి, తర్వాతే తన టేబుల్ మీదికి రావాలన్నాడు. నిసార్ తన కూతురు హుస్నాను చూసి అప్పటికే రెండేళ్లయింది. అయినా సరేనన్నాడు.

నెల తర్వాత భీమన్న తిరిగొచ్చాడు. ఆ శుక్రవారం మెస్ తలుపు మీద మొదటి వార్త: 'సవరణ. 1991లో కామెర్లతో పోయిన శాంతవ్వ బతికే ఉన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది.' కింద ఆమె రాయించి పంపిన ఉత్తరం.

"వకీల్ సాబ్‌కు దండం. సచ్చినట్టు రాస్తె నూరేండ్లు బతుకుతరంట, నీ అర్జీ పున్నెమే. నా కోసం నీ సెలవు పోయిందంట గద. గావాల్నంటె నేను నీ చెల్లెనని రాసి, ఇంకోపారి సంపు అన్నా. బిడ్డను చూసి రా."

నిసార్ కళ్లు తుడుచుకుని, ఆ మాట కూడా ఒక్క అక్షరం మార్చకుండా వేశాడు.