సహపంక్తిలో చింతచిగురు

శిశిరానిలముచే శీర్ణపత్రములైన తరువులన్నియు నవపల్లవారుణకాంతులను దాల్చి వసంతలక్ష్మికి నీరాజనము లెత్తుచుండ, లేమావిచిగుళ్ళు మేసి గొంతు సవరించుకొనిన కోకిలలు కొండకొమ్ములనుండి యొండొంటికి బదులు పలుకుచుండ, గ్రీష్మాగమభీతిచే కృశించి యిసుకతిన్నెల నడుమ నొదిగి పాఱు కృష్ణవేణి ప్రాతఃకాలకిరణముల సోకున వెండితీగవలె తళుకొత్తుచుండ, వేపపూవుల నెత్తావి వీధివీధిని గుబాళించు నొక యుగాది పర్వదినమున, తాడేపల్లిలోని తన యింటి వంటగదియందు పీటపై గూర్చుండి యొక యిల్లాలు చింతచిగురును అరచేతుల నడుమ నలుపుచుండెను.

ఆ యిల్లాలి పేరు దయామణి. దళితవాడలో జన్మించి, కష్టపడి చదివి, జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రమును బోధించుచు విద్యార్థుల మన్ననకు పాత్రురాలైనది. చెట్ల పుట్టుపూర్వోత్తరములన్నియు నెఱిగిన యా విదుషికి తన పుట్టుక యొక్కటియే పలుమాఱు చేదైనది. బాల్యమున వసతిగృహములోని తోడిబాలికలు ఆమె తెచ్చిన జామపండ్లను పోటీపడి కొఱుకుకొని తినెడివారు. ఆమె తల్లి వండి పంపిన కూరడబ్బా మూత తీసినంతనే ఆకలి లేదనుచు లేచిపోయెడివారు. వండనిది చెల్లును వండినది చెల్లదను నా శాస్త్రము నామె కెవ్వరును నోట బోధింపలేదు. లేచిపోవు పాదములను జూచి తానే నేర్చుకొనెను.

అట్టి దయామణికి 'సహపంక్తి' లభించెను. అది ఫేస్‌బుక్కున వెలసిన యొక వనితాగోష్ఠి. పండుగ యే యొక్క కులమునకును సొత్తు గాదనియు వంట యాడుదాని నొసటివ్రాత గాదనియు చాటుచు నందలి సభ్యురాండ్రు గారెలకు పప్పు రుబ్బుచునే కార్మికచట్టములను చర్చింతురు. ఆవకాయ జాడీకి వాసెన గట్టుచునే పితృస్వామ్యమును కూలద్రోతురు. దసరానాడు భర్తలచే వంట చేయించి మాడిన పులిహోర ఫొటోలను విజయపతాకములవలె నెగురవేయుదురు. నవ్వులాటకు జెప్పుచున్నానని పాఠకులు తలపవలదు. ఆ గోష్ఠి పుణ్యమా యని యెందఱో యిల్లాండ్రు జీవితమున తొలిసారి పండుగపూట కూర్చుండి వేడియన్నము తినిరి. ఎవ్వరేని తమ వంటకము ఫొటో పెట్టినచో దానిక్రింద 'నాకో ముద్ద' అని వ్రాయుట యచటి మర్యాద.

ఆ గోష్ఠిని స్థాపించినది హైమవతి. విజయవాడలోని మొగల్రాజపురమున నివసించు నగ్రవర్ణస్త్రీ, ఏబదియేండ్ల ప్రాయము, కలము పట్టినచో నిప్పులు రాల్చు నేర్పు. భోజనపంక్తులలో కులము పేర జరుగు భేదమును ఖండించుచు నామె వ్రాసిన వ్యాసమును జదివి దయామణి యొకనాడు వెక్కివెక్కి యేడ్చెను. ఆనాటినుండి మూడేండ్లుగా దయామణి యే కూర ఫొటో పెట్టినను 'నాకో ముద్ద, మణీ' యని మొట్టమొదట వ్రాయునది హైమవతియే. టైఫాయిడు సోకి మంచము పట్టినప్పుడు దినదినమును ఫోను చేసి, పథ్యము చెప్పి, ధైర్యము చెప్పి నిలబెట్టినదియు నామెయే. ఆ స్నేహము నటన గాదు. ఈ సంగతి మఱచినవారికి నీ కథ యర్థము గాదు.

మాటలతోనే యిన్నేండ్లు విందులారగించిన గోష్ఠి తొలిసారిగా నా యుగాదికి హైమవతి యింట గూడి నిజముగా నొక్క పంక్తిలో భుజింప నిశ్చయించెను. తలకొక వంటకము తెచ్చుట యేర్పాటు. దయామణి కోరిక యొక్కటియే: తాను అక్కయని పిలుచు హైమవతి తన చేతివంట తినవలెను, తినుచుండగా తాను జూడవలెను. మాంసము వలదని యెవ్వరును జెప్పకున్నను తనంత తానే మానుకొని, కందిపప్పును మెత్తగా నుడికించి, నలిపిన చిగురు చేర్చి, పచ్చిమిరపకాయలు చీల్చివైచి, వెల్లుల్లితో నేతితాలింపు పెట్టెను. అనుదినము నరచేత నొక చుక్క వైచుకొని రుచి చూచు నలవాటు గలదయ్యు ఆనాడు మాత్రము గరిటె యంచునైనను నాలుకకు తాకనీయలేదు. పదుగురు తినబోవు పదార్థమును ఎంగిలి చేసినదను మాట రాకూడదని యామె భయము. వంటలో నొక లోపము జరిగియు ఆ భయమువలననే యామెకు దెలియకపోయెను.

హైమవతి గుమ్మముకడనే యెదురేగి కౌగిలించుకొనెను. వచ్చినవారందఱును ముందుగా గిన్నెల మూతలు తీసి వంటకములకు ఫొటోలు తీసికొనిరి. తాలింపు ఘుమఘుమలాడు నా పప్పునకు దక్కినన్ని ఫొటోలు బొబ్బట్లకును దక్కలేదు.

"చల్లారిపోయింది మణీ. ఇలా ఇవ్వు, వేడి చేసి నేనే వడ్డిస్తా" అని హైమవతి గిన్నెను వంటింటిలోనికి గొనిపోయెను.

ఇంతలో విదేశములందలి సభ్యురాండ్రకు సంబరమును జూపుమని యెవ్వరో దయామణి చేతికి ఫోను నిచ్చిరి. మంచి గొంతు గలిగియుండుట యొక్కొక్కప్పుడు శాపమగును. ఆమె డాబామీది ముగ్గులను తోరణములను జూపుచు ముచ్చటించి దిగివచ్చునప్పటికి పంక్తి సగము లేచిపోయెను.

"అందరికంటే ముందు నీ గిన్నే ఖాళీ అయిందే!" అని హైమవతి పలికెను. ఉత్తగిన్నె మరల నీయరాదు గనుక తోమిన గిన్నెలో పూర్ణపుబూరెలు పెట్టి యిచ్చెను. ఇచ్చునప్పు డామె చూపు నేలపై నుండెను. దయామణి యది గమనింపలేదు. సంతోషము కన్నులకు గంతలు గట్టినది. మిగిలినవారి సరసన గూర్చుండి యందఱి వంటకములను తృప్తిగా దినెను. ఇంటికి మరలుచు నాటోలోనే రెండు బూరెలు తినివైచెను.

సాయంకాలము రైల్వే యుద్యోగియైన యామె భర్త ప్రభుదాసు విధులు ముగించుకొని వచ్చి, తనకై తీసియుంచిన పప్పుతో నన్నము గలిపి, మొదటి ముద్ద నోట బెట్టుకొని యాగెను.

"ఏమే, ఇందులో ఉప్పెయ్యలేదా?"

"చాల్లే, పండగపూట వేళాకోళాలు."

"నీ తోడు. నువ్వే చూడు."

దయామణి నాలుకపై వైచుకొని చూచెను. పులుపు కలదు, కారము కలదు. ఉప్పు రవ్వయైన లేదు. సిగ్గుచే నామె మొగము కందిపోయెను.

"అయ్యో, ఉప్పులేని పప్పు పెట్టానా అంతమందికీ! ఒక్కళ్ళూ నోరు విప్పలేదు చూడు. అక్క మొహమాటపడి ఊరుకుని ఉంటుంది."

ప్రభుదాసు భార్యవంక జూచి కంచము ప్రక్కకు జరిపెను.

క్షమాపణ వ్రాయదలచి యామె ఫోను తెఱచెను. గోష్ఠిలో నెవ్వరో పెట్టిన పప్పు ఫొటోక్రింద నప్పటికే పొగడ్తలు పుట్టలుపుట్టలుగా బెరిగియుండెను. 'అదిరిపోయింది' అని యొకరు. 'వేళ్ళు నాకేశాం' అని యొకరు. 'మా అమ్మ చేతి పప్పు గుర్తొచ్చింది' అని యింకొకరు. మొదటిదానికి నవ్వుకొనెను, రెండవదానికి నవ్వు సగమై నిలిచెను, మూడవదానికి నవ్వు మాయమయ్యెను. అప్పటినుండి యామె వెదకినది యొక్క నింద. చప్పగా నున్నదని యొక వెక్కిరింపు, ఉప్పుడబ్బా పోయినదా యని యొక యెత్తిపొడుపు. పప్పును నోట బెట్టినవారెవ్వరైనను ఆ మాట యనక తప్పదు. అట్టి నింద యొక్కటి దొరకినచో నామె దానిని కన్నుల కద్దుకొనియుండెడిది. పైనుండి క్రిందికి జదివెను, క్రిందినుండి పైకి జదివెను; ఎచటను లేదు. అన్నిటికంటె క్రింద హైమవతి మాట: 'ఉప్పూ పులుపూ ఎంత చక్కగా కుదిరాయో! నాలుక మీద ఇంకా ఉంది, మణీ.'

దయామణి క్షమాపణ వ్రాయక ఫోను ప్రక్కన బెట్టెను.

అంతలో హైమవతియే ఫోను చేసెను. "మణీ, నీ పప్పు ఎలా చెయ్యాలో పెట్టమని అందరూ నా ప్రాణం తీస్తున్నారు. చెప్పు, రాసుకుంటా."

దయామణి చెప్పెను. పప్పెంతయో, చిగురెంతయో, దాని నెట్లు నలుపవలెనో, తాలింపులో నేది ముందు వేయవలెనో, పాఠము చెప్పినట్లు వివరించెను.

"మరి ఉప్పెంత?"

"వెయ్యలేదక్కా. మర్చిపోయాను."

హైమవతి బదులీయకముందే దయామణి యడిగెను.

"పప్పేం చేశావక్కా?"

హైమవతి యేడ్పు నాపుకొనలేకపోయెను. "అందరికంటే ముందు నేనే తినాలనుకున్నా మణీ, ఒట్టు. వంటింట్లో కంచంలో కలుపుకున్నా. ముద్ద చేశా. చెయ్యి పైకి లేవలేదు. నన్ను నేనే తిట్టుకున్నా, లేవలేదు. ఇన్ని రాసిన నాకే ఇలా ఉంటే మిగతావాళ్ళు ముట్టుకుంటారా అనిపించింది. నీ గిన్నె నిండుగా అలాగే మిగిలిపోతే నీ మొహం ఎలా చూడను? అందుకే పారబోసి, అయిపోయిందని చెప్పా. నిన్ను అవమానం నుంచి తప్పిద్దామనే..."

"అయితే వాళ్ళ ముందు పెట్టనేలేదా?"

"లేదు."

ఇక పొగడినవారి మాట. ఎవరికి వారు తాము తప్ప తక్కినవారందఱు దినిరనుకొనిరి. ఆ పప్పును దాను దినలేదనినచో లోకమేమనుకొనునో యని వెఱచి యొకరిని మించి యొకరు రుచిని వర్ణించిరి. వారి యభ్యుదయ మంతదూరము వచ్చినది.

"వాళ్ళల్లో ఒక్కరైనా తినేవాళ్ళేమో అక్కా" అని దయామణి మెల్లగా ననెను. "అది కూడా నాకు తెలియకుండా చేశావు."

హైమవతి యేదైన నొకమాట యనుమనియు, తిట్టుమనియు, తిట్టినచో తనకు శాంతియనియు వేడుకొనెను. దయామణి తిట్టలేదు. ఉంటానక్కా యని ఫోను పెట్టివైచెను. ప్రభుదాసు పప్పులో నుప్పు గలిపి భార్యకు వడ్డించెను. ఆమె కంచము ముందు గూర్చుండి తినలేకపోయెను.

మాటకు ఱెక్కలు గలవు. అది సముద్రములను దాటి వేయి గుమ్మములను దట్టి రాగలదు. కంచమునుండి నోటికి గల మూరెడు దూరమును మాత్రము చేయి తానొక్కటియే నడువవలసియున్నది. ఆ రాత్రియే హైమవతి తాను వ్రాసిన పొగడ్తను తొలగించెను. దానితో మఱేమియు తొలగలేదు. 'సహపంక్తి' నేటికిని వర్ధిల్లుచున్నది, పండుగ పండుగకు సభ్యురాండ్రు పెరుగుచున్నారు. ఆనాడా యింట తన వంటను నోటికెత్తగల చేయి యొక్కటియైన నుండెనో లేదో, దయామణికి నేటికిని దెలియదు.